ఎరుపు కనపడని కల్లం

చెప్పాల్సిన చోట నేను ఒక మాట చెప్పలేదు. "ఆ పుస్తకం ఈ అమ్మాయికి ఇచ్చింది నేనే. ఈ ఫొటోలు తీస్తుంటే నేను పక్కనే ఉన్నాను." అంతే ఆ మాట. ఒక్క గుక్కలో అయిపోయేది. అబద్ధం ఆడి ఉంటే ఎప్పుడో ఒకనాడు పట్టుబడేవాణ్ణి. నేను అబద్ధం ఆడలేదు. ఊరుకున్నాను. ఊరుకున్నవాణ్ణి ఎవరు పట్టుకుంటారు? ఇరవై ఏళ్ళకు దగ్గరగా ఆ మాటను లోపలే మోస్తూ వచ్చాను. క్లాసులో పాఠం చెబుతూ మోశాను. మంచి మాస్టారని నలుగురూ అంటుంటే తల వంచుకుని నవ్వుతూ మోశాను. ఆ పొగడ్త విన్నప్పుడల్లా బరువు ఇంకాస్త పెరిగేది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

గుంటూరులో ఒక కాలేజీలో ఫొటోగ్రఫీ చెబుతాను. నా పేరు రాయడం లేదు. దాక్కోవడానికి కాదు అని రాయబోయి ఆగాను. కొంత దాక్కోవడానికే. ఆమె పేరు మాత్రం రాస్తున్నాను, ఆమెను అడిగే రాస్తున్నాను. కాశింబీ. ఇన్నేళ్ళూ నేను పలకకుండా తప్పించుకున్నది ఆ పేరునే.

మా క్లాసు పద్ధతి కొంచెం చెప్పాలి. అది తెలియకపోతే నేను చేసిందేమిటో మీకు తెలియదు. ఏడాది చివర్లో ప్రతి విద్యార్థీ ఒక ప్రాజెక్టు చేయాలి. నేను ఒక అంశం ఇస్తాను. నీడ, ఎదురుచూపు, దుమ్ము, ఇలా ఏదో ఒక చిన్న మాట. అది వినగానే కెమెరా పట్టుకుని బయటికి పరిగెత్తకూడదు. ముందు కూర్చుని, ఎవరో ఒక ఫొటోగ్రాఫర్ పనిని ఎంచుకోవాలి. ఆ ఫొటోలను తనివితీరా చూడాలి. వాటిలాంటివే కొన్ని తీసి చూడాలి కూడా. పాట నేర్చుకునేవాళ్ళు మొదట గురువు పాడింది పాడినట్టే పాడతారు కదా, అలాగన్నమాట. తర్వాత ఆ పుస్తకం మూసేసి, తన ఊరు వెళ్ళి, తన ఫొటోలు తీసుకోవాలి. చివరికి, ఎవరి పని చూసి ఇవి పుట్టాయో ఫొటో వెనక పెన్సిల్‌తో రాయాలి. ఆ పేరు లేకపోతే నేను ప్రాజెక్టు తీసుకోను. "ఇంకొకరి దగ్గర తీసుకోవడం తప్పు కాదు, తీసుకుని చెప్పకపోవడం తప్పు" అని ప్రతి బ్యాచ్‌కీ మొదటి రోజే చెబుతాను. ఇది రాస్తుంటే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

కాశింబీ వినుకొండ దగ్గర ఒక పల్లె నుంచి వచ్చింది. వాళ్ళ నాన్న సైదులు కౌలుకు మిరప వేసేవారు. ఆ పిల్ల క్లాసులో పెద్దగా మాట్లాడేది కాదు, మాట్లాడితే మాత్రం సూటిగా ఉండేది. ఆ ఏడాది నేనిచ్చిన అంశం ఎరుపు. గుంటూరులో పిల్లలకు ఎరుపు ఇస్తే ఏం తీసుకొస్తారో మీరు ఊహించగలరు. అందరూ మిరపకాయలే. కాశింబీ కూడా మిరపకాయలు ఆరబోసే కల్లానికే వెళ్ళింది. కాకపోతే కెమెరాలో బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము వేసుకుని వెళ్ళింది.

"ఎరుపు తీయమంటే నలుపూ తెలుపూ ఏంటమ్మా?" అన్నాను.

"కల్లంలో కూర్చున్నోళ్ళకి ఎరుపు కనపడదు సార్. మన డార్క్‌రూములో ఎర్ర లైటు కింద ఎర్ర గుడ్డ పెడితే తెల్లగుడ్డలాగే ఉండిద్దే, అట్టాగన్నమాట. పొద్దున్నించీ అదే చూస్తుంటే ఇంక ఎరుపేముంది? బస్సులో పోయేవోళ్ళకే అది ఎరుపు. మా అమ్మోళ్ళకి కనపడేదల్లా తాలే."

తాలు అంటే రంగు పోయి పాలిపోయిన కాయ. కల్లంలో ఆడవాళ్ళు వరసగా కూర్చుని, మంచి కాయల్లోంచి ఆ తాలుకాయల్ని ఏరి పక్కన పడేస్తారు. రోజంతా వాళ్ళ కళ్ళు వెతికేది వాటినే. ఎరుపు అనే మాటకు ఆ పిల్ల చెప్పిన అర్థం, ఎరుపులోంచి ఏరి పారేసింది ఏమిటి అని. నాకు అలాంటి ఆలోచన ఎన్నడూ రాలేదు.

ఆమె ఎంచుకున్న ఫొటోగ్రాఫర్ ఎవరో విదేశీయుడు, మంచు మైదానాలు తీసినాయన. ఆ పుస్తకం నాది. "నీకేమైనా పనికొస్తుందేమో చూడు" అని నేనే చేతికిచ్చాను. తెల్లటి మంచు, దాని మీద ఎక్కడో ఒక నల్లటి పక్షి, ఒక కంచె, ఎవరో నడిచి వెళ్ళిన అడుగులు. వారం తిరక్కముందే పుస్తకం తెచ్చిచ్చి, "సార్, ఇది మా కల్లమే. తిరగేశారంతే" అంది.

నాకు ఆ మాట అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలని నేనూ ఆ కల్లానికి వెళ్ళాను, నా కెమెరాలో రంగుల ఫిల్ము వేసుకుని. ఫిబ్రవరి ఎండ. ఘాటుకి అడుగు పెట్టగానే దగ్గు మొదలైంది. కాశింబీ నేల మీద మోచేతులు ఆనించి, కాయల గుట్టకి కెమెరా దాదాపు తాకించి, తాలుకాయల్ని తీస్తోంది. ఏరుతున్న ఆడవాళ్ళకు నవ్వాగడం లేదు.

"ఏమే కాశింబీ, ఎర్రగా నిగనిగలాడేవి వదిలేసి తాలుకి ఫొటోలేంటే? పెళ్ళిచూపులకి పంపుతావా?" అంది ఒకావిడ.

"పంపుతా పిన్నీ, నీ ఫొటో పక్కనబెట్టి" అంది తలెత్తకుండానే.

ఆ ఫొటోలు డార్క్‌రూములో ఆమె కడుగుతుంటే నేనక్కడ ఉన్నాను. ట్రేలో కాగితం మీద మెల్లగా తేలి వచ్చాయి. మిరపకాయల గుట్ట చీకటి నేలలాగా ఉంది. దాని మీద తాలుకాయలు ఎవరో చల్లినట్టు మెరుస్తున్నాయి. వెనక ముక్కులకు గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్ళ వరస, ఇంకా వెనక వినుకొండ కొండ. ఎరుపనేదే లేదు. కానీ చూస్తుంటే కళ్ళు మండాయి.

నావీ కడిగించాను. క్యాలెండరుకు పనికొచ్చేలా ఉన్నాయి. బాగున్నాయి. బాగున్నాయి, అంతే. అదే కల్లం, అదే ఎండ, అదే రోజు. ఆ పిల్ల ఫొటో తేలి వస్తున్నప్పుడు నా చూపు దాని మీదే అతుక్కుపోయింది. గురువుకు కలిగే సంతోషం అనుకున్నాను. అది కొంత ఉంది కూడా. మిగిలిందేమిటో ఒప్పుకోవడానికి ఇన్నేళ్ళు పట్టింది. అసూయ.

పరీక్షకు బయటి నుంచి ఒక ఎగ్జామినర్ వచ్చారు. పెద్దాయన, పేరున్నాయన. ఫొటోలన్నీ అట్టల మీద అంటించి గోడకు పెట్టాం. వెనక పెన్సిల్‌తో రాసిన పేర్లు అట్టలకు అంటుకుని కనపడకుండా పోయాయి. ఆయన ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చి కాశింబీ ఫొటోల దగ్గర ఆగారు. చాలాసేపు ఆగారు. నాకు ఆ సంభాషణ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"ఇవి నువ్వు తీసినవేనా అమ్మా?"

"అవును సార్. మా ఊరి కల్లం."

"ఊరు మీదే కావచ్చు. ఈ చూపు ఎవరిది? ఇలాంటివి ఎక్కడో చూశాన్నేను."

"మంచు ఫొటోల పుస్తకం ఒకటి చూశాను సార్. దాన్నుంచే నేర్చుకున్నా."

"అదీ సంగతి! మరి చెప్పవేం? ఇవి ఎవరివో తెచ్చి అంటించావు, అంతేనా?"

"లేదు సార్, తీసింది నేనే. మా సార్‌ని అడగండి. ఆయనకి తెలుసు."

ఆయన నా వైపు తిరిగారు. "ఏమండీ?"

ఆ క్షణం ఎంతసేపు ఉండి ఉంటుంది? కాశింబీ నా ముఖంలోకి చూస్తోంది. భయంగా కాదు, ధీమాగా చూస్తోంది. నా వంతు మాట నేను చెప్పేస్తానని, అది పెద్ద విషయమే కాదని. నేను గొంతు సవరించుకుని అన్నాను: "పిల్లలు ఎక్కడెక్కడివో చూస్తుంటారు కదండీ."

అంతే అన్నాను. చూడండి, అందులో ఒక్క అబద్ధం లేదు. కానీ ఆయన తలాడించి పక్క ఫొటోకు వెళ్ళిపోయారు. ప్రాజెక్టు తిరస్కరించారు. మళ్ళీ ఏడాది ఇంకోటి చేసి చూపించమన్నారు.

ఎందుకలా చేశాను? భయపడ్డానని చాలాకాలం చెప్పుకున్నాను. అప్పట్లో నాది కాంట్రాక్టు ఉద్యోగం, ఆ పెద్దాయన మాటకు మా కాలేజీలో విలువ ఉంది, ఆయన్ని అందరి ముందూ కాదంటే ఏమవుతుందో అనుకున్నానని. భయం కాస్త మర్యాదగా కనిపించే కారణం, చెప్పుకుంటే జనం జాలిపడతారు. కానీ ఆయన "ఎవరివో తెచ్చి అంటించావు" అన్నప్పుడు నాలో భయం కంటే ముందు ఒక చిన్న ఊరట కదిలిందని నాకు తెలుసు, ఆ పిల్ల నాకన్నా బాగా తీసిందన్న మాట ఇక ఎవరూ అనరనే ఊరట. అది ఒక్క క్షణం ఉండి పోయిందా, లేక ఆ ఒక్క క్షణమే నా చేత ఆ మాట అనిపించిందా? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. ప్రతిసారీ జవాబు ఒక్కటే వచ్చింది.

ఇంకొకటి ఉంది. దాన్ని రాయకుండా దాటేద్దామనుకున్నాను. కుదరదు.

తర్వాత కొన్నాళ్ళకు హాస్టల్లో సామాను తీసుకెళ్ళడానికి కాశింబీతో పాటు వాళ్ళ నాన్న వచ్చారు. నేను కాలేజీ గేటు దగ్గర ఎదురుపడ్డాను. ఆ పిల్ల ఆటోలో కూర్చుని అటు తిరిగి ఉంది. సైదులు గారు భుజం మీద తువ్వాలు చేతిలోకి తీసుకుని అడిగారు.

"సారూ, మా పిల్ల తప్పు చేసిందా? నేను చెయ్యలేదంటది. నీదే అయితే మీ సారు ఎందుకు మాట్లాడలా అనడిగా. దానికి నోరు లేవట్లా. మీరు చెప్పండి, మీ మాట నమ్ముతా."

అది రెండో అవకాశం. ఎగ్జామినర్ లేడు, ఉద్యోగ భయం లేదు. ఒక తండ్రి, నేను. నేనేమన్నానో తెలుసా? "చిన్నపిల్ల కదా, పోనీలెండి."

ఆమె చేయని తప్పును అంత ఉదారంగా క్షమించేశాను. నేను క్షమించాను కాబట్టి ఆమె చేసిందన్నమాట. సైదులు గారు నాకు దణ్ణం పెట్టి వెళ్ళి ఆటో ఎక్కారు. కాశింబీ మళ్ళీ కాలేజీకి రాలేదు.

ఆ ఫొటోలు మా డిపార్ట్‌మెంటు బీరువాలో ఉండిపోయాయి. కొన్నేళ్ళు వాటి జోలికి పోలేదు. తర్వాత ఒక బ్యాచ్ వచ్చింది, ఎంత చెప్పినా అందమైనవే తీసేవాళ్ళు. పూలు, సూర్యాస్తమయాలు, ముసలివాళ్ళ ముడతలు. ఒకరోజు విసుగొచ్చి బీరువా తెరిచి ఆ అట్టల్ని బల్ల మీద పరిచాను. అందరూ లేచి బల్ల చుట్టూ చేరారు.

"ఎవరు తీశారు సార్?" అన్నారెవరో.

"ఒకావిడ. పెద్ద ఫొటోగ్రాఫరే. బయటి ఊరు" అన్నాను.

మన ఊరి పిల్ల, మన క్లాసులో ఫెయిలైన పిల్ల తీసిందంటే వీళ్ళు ఇంత శ్రద్ధగా చూడరు, వాళ్ళ మంచికే అలా అన్నానని అనుకున్నాను. నన్ను నేను ఎంత నేర్పుగా నమ్మించుకున్నానో చూడండి. పరీక్షరోజు ఎవరివో తెచ్చిందని ఆమె మీద నింద పడింది. ఆ నిందను నిజం చేసింది నేను. ఆమె ఫొటోల్ని ఎవరివో చేసేశాను.

ఒకసారి మొదలుపెట్టాక ఆగలేదు. ఏటా చూపించాను. పిల్లలు వాటి నుంచి ఎన్ని నేర్చుకున్నారో చెబితే మీరు నమ్మరు. ఒకబ్బాయి పత్తి లారీలు వెళ్ళే దారిలో, రోడ్డు పక్క తుమ్మకంపల మీద చిక్కుకున్న దూదిపింజల్ని మాత్రమే తీశాడు. లారీ ఒక్క ఫొటోలోనూ లేదు, కానీ అన్నిట్లోనూ పోతూనే ఉంది. ఒకమ్మాయి మిర్చి యార్డులో హమాలీలు సాయంత్రం విప్పి పడేసిన ముక్కుగుడ్డల్ని తీసింది. అసలు వస్తువుని కాకుండా, అది వదిలేసినదాన్ని చూడటం. అది కాశింబీ చూపు. అది ఒకరి నుంచి ఒకరికి పాకుతూ పోయింది. ఆ పిల్లలు ఫొటోల వెనక "ఒక ఫొటోగ్రాఫర్" అని రాసేవాళ్ళు. ఈ ఒక్క చోట నేను నా నియమాన్ని సడలించాను. ఎవరూ అడగలేదు.

ఈ ఏడాది శిరీష అడిగింది.

శిరీషది అద్దంకి వైపు. పత్తి వేసే ఇల్లు. ఈసారి అంశం తెలుపు. ఆ పిల్ల తాలుకాయల ఫొటోల ముందు గంటలకొద్దీ కూర్చుని, వెళ్ళి తన చేలో వానకు తడిసి నల్లబడిన పత్తిని తీసుకొచ్చింది. తెల్లటి చేను మధ్యలో ఒక్కో నల్లటి కాయ. వెలుతురంతా చుట్టూ ఉంది, చూపంతా ఆ నలుపు మీదికి పోతోంది. చాలా ఏళ్ళ తర్వాత నా చూపు మళ్ళీ అలాగే అతుక్కుపోయింది. ఈసారి నా లోపల ఏముందోనని భయపడుతూ వెతుక్కున్నాను. సంతోషమే. వేరేది లేదు.

ప్రదర్శనకు ఫొటోలు సిద్ధం చేస్తూ, పెన్సిల్ పట్టుకుని అడిగింది.

"సార్, ఆవిడ పేరేంటి?"

"ఒక ఫొటోగ్రాఫర్ అని రాయమ్మా. అందరూ అలాగే రాస్తారు."

"అదేంటి సార్! మాకందరికీ ఒక రూలు, ఈవిడకొక రూలా? పేరు లేకపోతే ప్రాజెక్టే తీసుకోనన్నారుగా."

నేను తాలుకాయల అట్టల్ని చేతిలోకి తీసుకుని సర్దబోయాను. ఆ పిల్ల ఊరుకునే రకం కాదు.

"ఇంకోటి సార్. బయటి ఊరావిడ అన్నారు. ఈ వెనకాల కొండ చూశారా? ఇది వినుకొండ కొండ. మా అమ్మమ్మోళ్ళది ఆ పక్కే, చిన్నప్పటినుంచీ చూస్తున్నా. బయటి ఊరావిడకి మన కల్లంలో ఏం పని?"

నా చేతిలో అట్ట ఉంది. దాని మీద ఎప్పటి జిగురో ఎండిపోయి, ఫొటో ఒక మూల పైకి లేచింది. ఇప్పుడు కూడా ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు, ఆ పిల్లకు కోపం వస్తుంది, మార్కులు పడ్డాక మర్చిపోతుంది, ఇంకో బ్యాచ్ వస్తుంది, నేను రిటైరవుతాను. అలా అయిపోతుందా? అలా అయిపోనిస్తానా?

"కాశింబీ" అన్నాను.

ఆ గదిలో ఆ పేరు పలికి ఎన్నేళ్ళయిందో. తర్వాత మిగిలినదంతా చెప్పాను. కల్లం, పుస్తకం, ఎగ్జామినర్, గేటు. శిరీష మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. అంతా అయ్యాక నన్ను నిలదీస్తుందని సిద్ధపడ్డాను, నిలదీయలేదు. ఇంకొకటి అడిగింది.

"మరి ఆవిడకి తెలుసా సార్? ఇంతమంది ఆవిడ దగ్గర నేర్చుకుంటున్నామని?"

లేదన్నట్టు తలాడించాను.

"అయ్యో" అంది. అంతే. తర్వాత ఫోను తీసి వాళ్ళ అమ్మమ్మకు చేసింది. ఇరవై ఏళ్ళుగా నేను వెతకని మనిషి, ఒక ముసలమ్మతో మాట్లాడేసరికి దొరికింది. కాశింబీ పెళ్ళయి చీరాలలో ఉంటోందట. అమ్మకానికి పెట్టే చీరలకు ఫొటోలు తీస్తోందట.

మరుసటి ఆదివారం ఆ అట్టలన్నీ దుప్పట్లో చుట్టుకుని రైలెక్కాను. దారి పొడుగునా చెప్పాల్సింది మనసులో కూర్చుకున్నాను. అప్పటి పరిస్థితులు, నా వయసు, నా ఉద్యోగం. చీరాలలో దిగేసరికి మంచి ఉపన్యాసం తయారైంది.

ఆమె మేడ మీద ఉంది. పక్క సందులోంచి మగ్గాల చప్పుడు. తాడు మీద ఒక ఆకుపచ్చ చీర వేలాడుతోంది, ఆమె స్టాండు మీద కెమెరా సరిచేస్తోంది. తలెత్తి నన్ను చూసింది. గుర్తుపట్టడానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు.

"రండి సార్. ఎండ పోయేలోపల ఇది అయిపోవాలి. కాస్త ఆ థర్మోకోల్ షీటు పట్టుకుంటారా?"

పట్టుకున్నాను. ఎండను చీర అంచు మీదికి మళ్ళించాలి. ఆ తెల్లటి షీటు వెనక నిలబడి, "కాశింబీ, ఆ రోజు పరిస్థితి ఎలా ఉందంటే" అని మొదలుపెట్టాను.

"ఎడమకి సార్."

ఎడమకు తిప్పాను. "అప్పుడు నాది కాంట్రాక్టు..."

"ఇంకొంచెం కిందికి. మీకు చెయ్యి నొప్పెడుతుంటే చెప్పండి."

నా ఉపన్యాసం అక్కడే ఆగిపోయింది. ఆమె తన పని ముగించుకుని, కెమెరా పక్కన పెట్టి, దుప్పటి విప్పింది. అట్టలు ఒక్కొక్కటీ గోడకు ఆనించి పెట్టింది. వాటి ముందు గొంతుక్కూర్చుంది.

"ఇది కొంచెం ఎక్కువ నల్లగా వేశాను. ఇప్పుడైతే ఇంకాస్త తేటగా తేల్చేదాన్ని" అంది వాటిలో ఒకదాన్ని చూస్తూ.

ఇన్నేళ్ళూ వాటిని ఏం చేశానో అప్పుడు చెప్పాను. పేరు చెప్పకుండా చూపించానని చెప్పినప్పుడు ఆమె ముఖం బిగుసుకుంది.  తుమ్మకంపల మీద దూది తీసిన అబ్బాయి సంగతి చెప్పాను. ముక్కుగుడ్డల సంగతి చెప్పాను. శిరీష ఫొటోలు నా ఫోనులో చూపించాను. ఫోను నా చేతిలోంచి తీసుకుంది. వేళ్ళతో పెద్దవి చేసి చూసింది.

"నల్ల పత్తి" అంది. "ఎంత వయసు సార్ ఈ పిల్లకి? ఒకసారి పంపండి నా దగ్గరికి. ఈ మూడో దాంట్లో ఆకాశం అక్కర్లా. నేను చెబుతా." కాసేపాగి అంది. "నేను కాలేజీ మానేశాను గానీ కెమెరా మానలేదు సార్. మీరనుకున్నారేమో."

"నన్ను..." అన్నాను.

"నాకు చెప్పేదేం లేదు సార్. నా ఫొటోలు నేనే తీశానని నాకు తెలియదా? తెలియంది మా నాయనకి. నన్ను తిట్టలా, కొట్టలా. కానీ ఇప్పటికీ ఎవురన్నా నా ఫొటోలు బాగున్నాయంటే నా ముఖం వైపు చూస్తాడు, ఇవి నిజంగా ఇది తీసినవేనా అన్నట్టు. ఆ చూపుకి నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గరుంది. కింద ఉన్నాడు."

ఆమె వెనకే మెట్లు దిగాను. సైదులు గారు వరండాలో మంచం మీద కూర్చుని చీరలు మడత పెడుతున్నారు. బాగా సన్నబడ్డారు. కళ్ళు చికిలించి చూశారు.

"ఎవురమ్మాయ్?"

"మా కాలేజీ సారు నాయనా. నీతో మాట్లాడాలంట."

ఆయన గబగబా లేవబోయారు. భుజం మీద తువ్వాలు చేతిలోకి తీసుకున్నారు, ఆ రోజు గేటు దగ్గర తీసుకున్నట్టే. "కూచోండి సారూ, కూచోండి. ఇంత ఎండన పడొచ్చారేంది" అంటూ కుర్చీ లాగారు. నేను కూర్చోలేదు. కాశింబీ మెట్ల దగ్గరే నిలబడిపోయింది.

శిరీష ఫొటోలు ఇప్పుడు మా కాలేజీ గోడ మీద ఉన్నాయి. కింద, అవి ఎవరి పని చూసి పుట్టాయో చెబుతూ, కాశింబీ పేరుంది. పాత పిల్లలకు కూడా ఒక్కొక్కరికే ఫోను చేసి ఆ పేరు చెబుతున్నాను. ఆ మధ్యాహ్నం నా మాట విన్నాక సైదులు గారు ఏమన్నారో, కాశింబీ ఏం చేసిందో ఇక్కడ రాయను. అది వాళ్ళది, అడగకుండా తీసుకోను. నేను రాయగలిగింది నా మాటే. రైల్లో కూర్చుకున్న ఉపన్యాసంలో ఒక్క ముక్క కూడా అందులో లేదు.  నిలబడే చివరిదాకా చెప్పాను.

"సైదులు గారూ, ఆ రోజు గేటు దగ్గర మీరు నన్నొక మాట అడిగారు. మీ అమ్మాయి తప్పు చేసిందా అని. చేయలేదండీ. ఆ ఫొటోలు ఆమే తీసింది. మీ ఊరి కల్లంలో తీసింది, నేను పక్కనే ఉండి చూశాను. ఆ పుస్తకం ఆమెకు ఇచ్చింది నేనే. ఆ ఎగ్జామినర్ అడిగినప్పుడు ఇది చెప్పాల్సింది, చెప్పలేదు. మీరు అడిగినప్పుడైనా చెప్పాల్సింది, చెప్పకపోగా పోనీలెండి అన్నాను. ఆమె నాకంటే బాగా తీసిందని ఓర్వలేక ఊరుకున్నాను. తప్పు చేసింది నేను. మీకూ, మీ అమ్మాయికీ, ఇద్దరికీ క్షమాపణ చెప్పుకుంటున్నాను."